‘13’ మీద తెగని తగువు

విజయనగరంలో బ్లాక్ సబాత్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండును వినేవాళ్ళందరినీ పోగేస్తే రెండు ఆటోలు నిండుతాయేమో. ‘13’ అని ఒక్క మాట ఎత్తితే చాలు, ఆ రెండు ఆటోలూ చెరో దారి పడతాయి.

2013 జూన్‌లో వచ్చిన సబాత్ ఆల్బమ్ అది. వచ్చినప్పుడు మొదలైన తగువు ఇంకా తెగలేదు. 2025 జూలైలో గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పోయాక అందరూ పాత పాటలు తీసి విన్నారు, తగువు మళ్ళీ రాజుకుంది. మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతూ ఒకడు “చివరాఖర్న మాంచి ఆల్బమ్ ఇచ్చేసి వెళ్ళారు గురూ” అంటాడు. పక్కవాడు “ఏటిచ్చారు? తమ పాటలు తామే కాపీ కొట్టుకున్నారు” అంటాడు. మూడోవాడు “డ్రమ్మర్ బిల్ వార్డ్ లేనిదాన్ని సబాత్ అని ఎలా అంటార్రా” అంటూ దూరతాడు. పైకి ఒకే ప్రశ్నకు ముగ్గురూ మూడు జవాబులు చెబుతున్నట్టుంటుంది. నిజానికి అవి మూడు వేరువేరు ప్రశ్నలు. వాటిని విడదీయకుండా ఎంతసేపు వాదించుకున్నా ఎవరూ ఎవర్నీ ఒప్పించలేరు.

తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త కథ. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. 1968లో అక్కడ నలుగురు కుర్రాళ్ళు జట్టు కట్టారు. ఓజీ గాత్రం, టోనీ అయోమీ గిటార్, గీజర్ బట్లర్ బేస్, బిల్ వార్డ్ డ్రమ్స్. అయోమీకి పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేయే. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. తర్వాతి ఆల్బమ్‌ల నాటికి తీగలు వదులు చేసి శ్రుతి కిందకు దించాడు. ఇవాళ హెవీ మెటల్ అంటున్న ఆ బరువైన నాదానికి అదొక కారణం.

మొదటి ఆల్బమ్‌ని 1969 అక్టోబరులో లండన్‌లో దాదాపు ఒక్క రోజులో రికార్డు చేసేశారు. 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. బ్యాండు పేరే పెట్టుకున్న మొదటి పాట వానతో, ఉరుముతో, గంట మోతతో మొదలవుతుంది. ఆ తర్వాత గిటార్ మూడే స్వరాలు పలుకుతుంది. మన లెక్కలో చెప్పాలంటే ఒక షడ్జం, దాని పై షడ్జం, తర్వాత ప్రతి మధ్యమం. కల్యాణిలో మనకు హాయిగా వినిపించే స్వరమే అది. పాశ్చాత్యులు మాత్రం షడ్జం నుంచి ఆ దూరానికి ఏనాడో దయ్యం పేరు తగిలించారు. అయోమీ దాన్ని నిదానంగా సాగదీసి నిలబెట్టాడు. విన్నవాళ్ళు మర్చిపోలేదు.

1979లో ఓజీని తీసేశారు. తర్వాత రానీ జేమ్స్ డియో, ఇయాన్ గిలన్, టోనీ మార్టిన్ వంటి గాయకులు వచ్చారు, వెళ్ళారు. మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా బ్యాండులో ఉన్నది అయోమీ ఒక్కడే. 1978 తర్వాత ఓజీ గొంతుతో పూర్తి స్టూడియో ఆల్బమ్ రాలేదు. 1998 నాటి లైవ్ ఆల్బమ్ చివర రెండు కొత్త పాటలు తగిలించారు. 2001లో రిక్ రూబిన్ అనే నిర్మాతతో ఒక ప్రయత్నం మొదలై మధ్యలోనే ఆగిపోయింది. అందుకే 2011 నవంబరు 11న నలుగురూ లాస్ ఏంజెలస్‌లో ఒకే వేదిక మీద కనిపించి కొత్త ఆల్బమ్ చేస్తున్నామని చెప్పినప్పుడు అభిమానులు పండగ చేసుకున్నారు. పండగ ఎన్నాళ్ళో నిలవలేదు. 2012 మొదట్లోనే అయోమీకి లింఫోమా అనే క్యాన్సర్ ఉందని తేలింది. ఫిబ్రవరిలో బిల్ వార్డ్ తనకు సంతకం పెట్టదగ్గ కాంట్రాక్టు ఇవ్వలేదంటూ పక్కకు జరిగాడు. అయోమీ చికిత్స ఆగకూడదని మిగతా ఇద్దరూ ఇంగ్లండు వెళ్ళి అక్కడే పాటలు కట్టారు. డ్రమ్స్ వాయించడానికి రేజ్ అగైన్స్ట్ ద మెషీన్ బ్యాండు నుంచి బ్రాడ్ విల్క్ వచ్చాడు. నిర్మాత మళ్ళీ రూబినే.

ఫలితం మాత్రం అదిరింది. 1970 తర్వాత బ్రిటన్‌లో సబాత్ ఆల్బమ్ మొదటి స్థానానికి ఎక్కడం మళ్ళీ ఇదే. అమెరికాలో అయితే వాళ్ళ చరిత్రలోనే మొదటిసారి. ‘గాడ్ ఈజ్ డెడ్?’ పాటకు 2014లో గ్రామీ వచ్చింది. అభిమానుల తగువులో ఈ లెక్కలు ఎవరికీ అక్కరకు రావు. ఎక్కువమంది కొన్నారని చెప్పినంత మాత్రాన నచ్చనివాడికి నచ్చదు.

డ్రమ్మర్ గొడవ

అన్నిటికంటే వేడిగా సాగేదీ, పాటలతో అతి తక్కువ సంబంధం ఉన్నదీ వార్డ్ గొడవ. ఇందులో రెండు సంగతులు కలిసిపోయాయి.

ఒకటి న్యాయం. 1968లో నలుగురూ కలిసి కట్టిన బ్యాండు అది. పేరు మార్మోగిపోయాక ఒకడికి సరైన వాటా ఇవ్వకపోతే మిగతా ముగ్గురూ ఆ పేరు వాడుకోవచ్చా? వార్డ్ తనకు అన్యాయం జరిగిందన్నాడు. గంటల తరబడి కచేరీ చేసే సత్తువ అతని ఒంట్లో లేదని ఓజీ తర్వాత అన్నాడు. వార్డ్ దాన్ని ఒప్పుకోలేదు, క్షమాపణ అడిగాడు. కాంట్రాక్టులో ఏముందో బయటివాళ్ళం చదవలేదు కాబట్టి ఎవరివైపు మాట్లాడినా నమ్మకం మీద మాట్లాడడమే. ఈ కారణంతో ‘13’ కొననని భీష్మించుకున్నవాళ్ళని నేను తప్పు పట్టను. అయితే అది ఆల్బమ్ మీద సమీక్ష కాదు, బహిష్కరణ. రెంటినీ కలిపి “పాటలు బాగోలేవు” అంటేనే పేచీ.

రెండోది నడక. వార్డ్ చిన్నప్పటి నుంచి జాజ్ డ్రమ్మర్లను, ముఖ్యంగా జీన్ క్రూపా, బడ్డీ రిచ్‌లను విని పెరిగాడు. అందుకే సబాత్ తొలి ఆల్బమ్‌ల్లో లయ గడియారంలా ఉండదు. ఒకచోట వెనక్కి లాగుతుంది, ఒకచోట గిటార్ కంటే ముందే దూకుతుంది. గిటార్ ఒక మాట అంటే డ్రమ్స్ ఎదురు మాట చెబుతాయి. మృదంగం వాయించేవాళ్ళు దీన్ని సులువుగా పట్టుకుంటారు: తాళం వేయడం వేరు, పాటకు వాయించడం వేరు. విల్క్ మంచి డ్రమ్మరే. కాలప్రమాణం ఎక్కడా చెదరదు, దెబ్బలో బరువుంది, అక్కడక్కడా వార్డ్ పోకడలు కూడా పోయాడు. కానీ ఇతరుల ఇంట్లో అతిథిలా ఒద్దికగా కూర్చున్నాడు. అయోమీ గిటార్‌తో తగవు పడేవాడు లేకపోవడం ‘13’కు నిజమైన లోటు. వార్డ్ పక్షం వాళ్ళ మాటలో సంగీతపరంగా నిలబడే ముక్క ఇదే. వాళ్ళు కాంట్రాక్టు మీద పెట్టిన నోరు దీని మీద పెట్టి ఉంటే తగువు కొంతైనా ముందుకు కదిలేది.

విల్క్ కంటే ముందు రూబిన్ క్రీమ్ బ్యాండులో పేరుమోసిన డ్రమ్మర్ జింజర్ బేకర్ పేరు ఎత్తాడట. అయోమీకి అది ఊహకే అందలేదు. ఆ ముసలి మొండివాడు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

చెవి పోటు

రెండో గొడవ శబ్దానిది. దీన్ని చాలామంది “ప్రొడక్షన్ బాగోలేదు” అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అసలు జరిగేది కాస్త విడమరిచి చెప్పాలి.

సీడీలోనైనా ఫోన్‌లోనైనా డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని దాటడానికి వీల్లేదు. డ్రమ్ మీద గట్టి దెబ్బ పడినప్పుడు శబ్దం ఆ కప్పు దాకా ఎగిరి వెంటనే కిందకు వస్తుంది. దానితో పోలిస్తే గొంతు, గిటార్ చాలా కింద ఉంటాయి. ఆల్బమ్ మొత్తం పెద్దగా వినిపించాలంటే ఒకటే దారి, ఎగిరే దెబ్బల తలలు నొక్కేసి మిగతాదంతా పైకి లేపడం. అప్పుడు మెల్లగా పాడిన చోటుకీ అరిచిన చోటుకీ తేడా తగ్గిపోతుంది. మొదటి నిమిషం హోరుగా, బాగానే ఉంటుంది. యాభై నిమిషాలు వింటే చెవి అలిసిపోతుంది. సిరిమానోత్సవం నాటి ఊరేగింపుల్లో డీజే బాక్సుల ముందు నిలబడ్డవాళ్ళకు ఈ అలసట కొత్త కాదు.

పక్కవాళ్ళ కంటే పెద్దగా వినిపించాలనే ఈ పోటీ సంగీత ప్రపంచంలో తొంభైల నుంచీ నడుస్తోంది. రూబిన్ నిర్మించిన ఆల్బమ్‌ల మీద ఈ ఫిర్యాదు ముందే ఉంది. 2008లో మెటాలికా బ్యాండుకు చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ విషయంలో అయితే అభిమానులు రచ్చే చేశారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా వచ్చాయి, అవే బాగున్నాయని గేమ్ లోంచి తీసుకుని విన్నారు. ‘13’ అంత ఘోరం కాదు. అయినా సబాత్ లాంటి బ్యాండుకు ఇది ఎక్కువ దెబ్బ. వాళ్ళ బరువంతా ఖాళీలోంచి వస్తుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నిశ్శబ్దం ఉంటేనే రెండో దెబ్బ గుండె మీద పడుతుంది. 1970 నాటి మొదటి ఆల్బమ్, ‘13’ కంటే తక్కువ చప్పుడు చేస్తుంది, ఎక్కువ బరువుగా వినిపిస్తుంది.

ఇక్కడ తగువు రెండు వైపులా నిజం ఉంది. విజయనగరం నుంచి విశాఖకు రోజూ బస్సులో వెళ్తూ ఇయర్‌ఫోన్స్‌లో వినేవాడికి ఇంజిన్ రొద, హారన్లు, పక్క సీట్లో ఫోన్ కబుర్లు. ఆ గోలలో మెల్లటి చోట్లు అసలు వినబడవు. అతనికి నొక్కేసిన శబ్దమే వాటం. ఇంట్లో తలుపులేసుకుని మంచి స్పీకర్లలో వినేవాడికి అదే రోత. ఇద్దరూ విన్నది ఒకటే ఆల్బమ్, విన్న చోట్లు వేరు. స్ట్రీమింగ్ యాప్‌లు ఇప్పుడు అన్ని పాటల వాల్యూమ్ దాదాపు సమానం చేస్తున్నాయి కాబట్టి ఈ పోటీకి అర్థం తగ్గింది. కానీ ఒకసారి తెగ్గొట్టిన తలలు మళ్ళీ మొలవవు.

తమ నీడలో తామే

మిగిలింది అసలు గొడవ. ‘13’ కొత్త ఆల్బమా, పాత ఆల్బమ్‌కి నకలా?

రూబిన్ పద్ధతి తెలిస్తే ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. 1994లో జానీ క్యాష్ అనే పెద్దాయన చేతికి ఒక్క గిటార్ ఇచ్చి పాడించి, చల్లబడిపోయిన ఆయన పేరును మళ్ళీ నిలబెట్టిన నిర్మాత ఇతను. వయసు మీద పడిన కళాకారుడి చుట్టూ పేరుకున్నదంతా తీసేసి మొదటి రూపాన్ని బయటికి లాగడం అతనికి బాగా కలిసొచ్చింది. సబాత్‌నీ అలాగే కూర్చోబెట్టి మొదటి ఆల్బమ్ వినిపించాడు. హెవీ మెటల్ అనే మాటే పుట్టని రోజులకు వెళ్ళండి, దీని తర్వాత చేస్తున్న ఆల్బమ్ ఇదే అనుకోండి అన్నాడు. అలా అనుకోమనడం తనకు విడ్డూరంగా తోచిందని గీజర్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు.

ఆ మాట ప్రభావం ఆల్బమ్ పొడుగునా వినబడుతుంది. మొదటి పాట ‘ఎండ్ ఆఫ్ ద బిగినింగ్’ 1970 నాటి మొదటి పాటలాగే నెమ్మదిగా అడుగులు వేస్తూ వచ్చి, తర్వాత పరుగు అందుకుంటుంది. ‘జైట్‌గైస్ట్’ వింటే వాళ్ళదే 1970 నాటి పాట ‘ప్లానెట్ కారవాన్’ గుర్తుకు రాక మానదు, అదే మత్తు, అదే చేతి వాద్యాల తాళం. ‘లోనర్’ రిఫ్‌లో, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరసలో, మొదటి ఆల్బమ్‌లోని ‘ఎన్.ఐ.బి.’ పోలికలు పట్టుకున్నవాళ్ళు చాలామంది. చివరి పాట ముగిశాక వాన, ఉరుము, గంట మళ్ళీ వస్తాయి. 1970లో మొదలైంది ఇక్కడ ముగిసిందని చెప్పడం. కొందరికి ఇది కళ్ళ నీళ్ళు తెప్పించింది, కొందరికి ఒళ్ళు మండించింది.

ఒళ్ళు మండినవాళ్ళు చెప్పేది తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ విజయనగరం వాళ్ళకు ఆ వాదన కాస్త వింతగా వినిపించాలి. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పి, తర్వాత దాన్ని నడిపాడు. ఘంటసాల అక్కడే చదివాడు. ఈ గాలి సోకిన చెవికి అరవై అయిదేళ్ళ విద్వాంసుడు ఇరవయ్యో ఏట పాడిన కీర్తనే మళ్ళీ పాడితే తప్పనిపించదు. పైగా అదే పాడమని చీటీ పంపిస్తాం. కొత్త కీర్తన ఎందుకు కట్టలేదని ఎవరూ అడగరు. ఈసారి నెరవు ఎక్కడ చేశాడు, స్వరకల్పనలో ఏం చూపించాడు, ఆ సాయంత్రం ఆ రాగం అతనికి ఏం ఇచ్చింది, ఇవీ మనం అడిగేవి. గురువు దగ్గర నేర్చింది పాఠం. అప్పటికప్పుడు పుట్టేది మనోధర్మం. పాఠం మారనక్కర్లేదు, మనోధర్మం ఉండాలి.

రాక్‌లో ఆ ఏర్పాటు లేదు. పాట కట్టినవాడే వాయించాలి, ఆల్బమ్ అంటే కొత్త సరుకే ఉండాలి అన్నది అక్కడి అలిఖిత ఒప్పందం. అందుకే కచేరీలో పాత పాట వాయిస్తే చప్పట్లు, ఆల్బమ్‌లో పాత పాటలా వాయిస్తే తిట్లు. ‘13’ని తిట్టేవాళ్ళు ఆ ఒప్పందం ప్రకారం తిడుతున్నారు. మెచ్చుకునేవాళ్ళు తమకు తెలియకుండానే కీర్తన విన్నట్టు వింటున్నారు.

నన్నడిగితే పాత పోకడలు పోవడం ‘13’ తప్పు కాదు. పాఠం చక్కగా అప్పజెప్పి, మనోధర్మం దగ్గర చెయ్యి బిగబట్టారు. 1969లో వాళ్ళు స్టూడియోలో చేసింది దాదాపు కచేరీ. క్లబ్బుల్లో వాయించి వాయించి అరగదీసిన పాటల్ని ఒక్క రోజులో వాయించేశారు. ‘వార్నింగ్’ పాటలో అయోమీ నిమిషాల తరబడి తోచిన దారిన వెళ్ళిపోతాడు, మిగతా ఇద్దరూ అతని వెనక పరిగెడతారు. రూబిన్ ఆ ఆల్బమ్ రూపాన్ని చూపించాడు, దాని వెనకున్న కచేరీల్ని తెచ్చివ్వలేకపోయాడు. 2012లో పాటలు కొత్తవి, జనం ముందు ఒక్కసారి కూడా వాయించనివి, పక్కన డ్రమ్మర్ కొత్తవాడు. పైగా మళ్ళీ మళ్ళీ వాయించమనే నిర్మాత. పదోసారి వాయించినప్పుడు తప్పులు పోతాయి, వాటితోపాటు తెగువ కూడా పోతుంది.

దీనికి మినహాయింపు ‘డామేజ్డ్ సోల్’. దాదాపు ఎనిమిది నిమిషాల బ్లూస్. ఓజీ హార్మోనికా ఊదుతాడు. అయోమీ సోలో మొదలుపెట్టి, ఇక చాలు అనుకున్న చోట ఆపడు, ఇంకో మలుపు తిరుగుతాడు. విల్క్ కూడా ఆ ఒక్క పాటలో అతిథిననే సంగతి మర్చిపోయాడు. తగువులో రెండు పక్షాలూ ఒప్పుకునే పాట ఏదైనా ఉంటే అదే. అటువైపు ‘జైట్‌గైస్ట్’ నాకు ఎన్నిసార్లు విన్నా అప్పజెప్పిన పాఠమే, చివర్లో గిటార్ కాసేపు జాజ్ దారి పట్టేదాకా.

ఓజీ గొంతు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అరవై నాలుగేళ్ళ గొంతు పై స్థాయికి వెళ్ళలేదు, చాలా చోట్ల కిందనే తిరిగింది. మన గాయకులు వయసు వచ్చాక శ్రుతి తగ్గించుకుంటే హుందాతనం అంటాం. గీజర్ రాసిన మాటలకు, చావు గురించి, నమ్మకం గురించి, అరిగిపోయిన ఒంటి గురించి రాసినవాటికి, ఆ కింది గొంతే నప్పింది. ‘గాడ్ ఈజ్ డెడ్?’ పేరు చూసి కంగారు పడినవాళ్ళు చివర ప్రశ్నార్థకాన్ని గమనించాలి. దేవుడు పోయాడని నమ్మలేనని తేల్చే పాట అది.

ఎవరు ఎప్పుడు వినడం మొదలుపెట్టారన్నది కూడా తగువును చాలా మటుకు నిర్ణయిస్తుంది. తొంభైల్లో విశాఖ నుంచి క్యాసెట్లు తెప్పించుకుని విన్నవాళ్ళకు డియో, మార్టిన్ పాడినవీ సబాతే. ఓజీ తిరిగి రావడం వాళ్ళకు అవతార పురుషుడి రాక కాదు. డియోతో కలిసి అయోమీ, గీజర్ హెవెన్ అండ్ హెల్ పేరు మీద 2009లో చేసిన ఆల్బమ్ ‘13’ కంటే ఎన్నో రెట్లు మేలని వాళ్ళ వాదన, నాకూ అందులో సగం నిజం కనిపిస్తుంది. ఇంజినీరింగ్ హాస్టళ్ళలో హార్డ్ డిస్కులు చేతులు మారిన రోజుల్లో వచ్చినవాళ్ళు ‘పారనాయిడ్’, ‘ఐరన్ మ్యాన్’ దగ్గర మొదలుపెట్టారు. వాళ్ళు బతికుండగా, వాళ్ళ కోసం వచ్చిన, ఓజీ పాడిన ఒకే ఒక్క సబాత్ స్టూడియో ఆల్బమ్ ‘13’. దాన్ని వాళ్ళు వెనకేసుకురాక ఏం చేస్తారు? ఓజీ మరణవార్తతో వినడం మొదలుపెట్టిన కుర్రాళ్ళకు 1970, 2013 రెండూ ఒకే యాప్‌లో పక్కపక్కనే ఉన్నాయి. వాళ్ళకు ముప్పై అయిదేళ్ళ ఎదురుచూపు లేదు కాబట్టి ఆశాభంగం కూడా లేదు. ఈ గొడవలన్నిటిలో తక్కువ టెన్షన్‌తో మాట్లాడేది వాళ్ళే.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో ఆఖరి కచేరీ జరిగింది. వార్డ్ తిరిగొచ్చాడు, నలుగురూ కలిశారు. వాయించింది నాలుగు పాటలు: ‘వార్ పిగ్స్’, ‘ఎన్.ఐ.బి.’, ‘ఐరన్ మ్యాన్’, ‘పారనాయిడ్’. నాలుగూ 1970వే. ‘13’ నుంచి ఒక్కటీ లేదు. “చూశావా, వాళ్ళకే దాని మీద నమ్మకం లేదు” అని ఒక పక్షం దీన్ని తీర్పులా చూపిస్తోంది. నాకు అది తీర్పులా కనిపించదు. ఆ ఆల్బమ్‌లో వార్డ్ వాయించనే లేదు. పార్కిన్సన్స్‌తో నిలబడలేక ఓజీ కుర్చీలో కూర్చుని పాడుతున్నాడు. ఉన్న కాస్త ఓపికనీ నలుగురికీ ఉమ్మడిగా చెందిన పాటల మీద ఖర్చు పెట్టారు, అంతే.

కొత్తగా ఈ తగువులోకి దిగదలచినవాళ్ళు ‘13’ని మొదటి పాట నుంచి వినకండి. ‘డామేజ్డ్ సోల్’ విని, వెంటనే 1970 ఆల్బమ్‌లో ‘వార్నింగ్’ వినండి. ఆ తర్వాత ‘జైట్‌గైస్ట్’, ‘ప్లానెట్ కారవాన్’ ఒకదాని వెంట ఒకటి. బస్సులో వద్దు, ఇంట్లో, వాల్యూమ్ కాస్త తగ్గించి.